అట్ట చెల్లని బజారు

కిందటి వారం జగన్నాధాన్ని శ్రీకాకుళంలో వకీలుగారి అరుగు మీద వదిలిపెట్టాం. దావా కాగితాలమీద సంతకం పెట్టి, కండువాతో మెడ తుడుచుకుని, తెలిసినవాళ్ళ కంటపడకుండా నరసన్నపేట బస్సెక్కాడు. ఎందుకు వేశాడో మొదటినుంచీ చదువుతున్నవారికి చెప్పక్కర్లేదు. ఈ వారమే పత్రిక చేతపట్టినవారి కోసం నాలుగు ముక్కలు.

నరసన్నపేట బజారులో అట్టల కొట్టు అని ఒకటుంది. కాలం చేసిన అప్పలసూరి పెట్టినది. సముద్రం ఒడ్డున గుల్లలపాలెంలోనూ, దాని చుట్టుపక్కల పాలేల్లోనూ చేపలవేట మీద బతికే ప్రతి కుటుంబానికీ ఆయన ఒక ఎర్ర అట్ట ఇచ్చాడు. ఆ అట్ట చూపిస్తే బజారులో ఏ కొట్లోనైనా బియ్యం, బట్ట, కిరసనాయిలు అరువు దొరికేవి. కొట్లవాళ్ళు నెలాఖరున అట్టల కొట్టుకి వచ్చి సొమ్ము పట్టుకెళ్ళేవారు. చేప పడ్డాక పాలెంవాళ్ళు అట్టల కొట్టుకి కట్టుకునేవారు. పూచీగా తెప్పలు రాసిచ్చేవారు. అప్పలసూరి పోయాక భార్య నారాయణమ్మ ఆ కొట్టు మూతపడకుండా నడిపింది. ఇంతలో తుపాను వచ్చి నూలువలల్ని ఊడ్చుకుపోయింది. ఆ మరుసటేడు ఒడ్డుకి చేప మొహం చూపించలేదు. ముందు ఒక పాలెం కట్టలేకపోయింది, తరవాత రెండోది, ఆఖరికి అన్నీ. పాలేలు కట్టక నారాయణమ్మ కొట్లవాళ్ళకి కట్టలేకపోయింది. కొట్లవాళ్ళు అట్ట పుచ్చుకోవడం మానేశారు. అందరికన్నా ఎక్కువ రావలసింది బియ్యం వర్తకుడు జగన్నాధానికి. తన బాకీ కింద, అట్టల కొట్టుకి పూచీగా ఉన్న తెప్పల్ని జప్తు చేయించమని కోర్టుకెక్కాడు. ఆ సంగతి ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

ఇక కథలోకి వద్దాం.

ఆవేళ సంత. జగన్నాధం పొద్దున్నే కొట్టు తెరిచి, గల్లాపెట్టె పక్కన పరుపు మీద కూర్చున్నాడు. ఇదివరకు సంతరోజున ఆయనకి తల ఎత్తే తీరిక ఉండేది కాదు. కాటా వేసేవాడు ఒకపక్క, బస్తాలు మోసే కళాసీలు ఒకపక్క, మధ్యలో జనం. ఇప్పుడు బియ్యం రాశి మీద పిచ్చికలు వాలి తాపీగా తింటున్నాయి. ఎదుటి కొట్లో నరసింగరావు బట్టల తానులు విప్పి దులిపి మళ్ళీ మడతపెడుతున్నాడు. నిన్నా అదే పని, మొన్నా అదే పని. అతని అరుగు మీద మిషను పెట్టుకునే దర్జీ మిషను మీద గోనె కప్పి ఎటో వెళ్ళిపోయాడు.

ఇదంతా ఆ నారాయణమ్మ పుణ్యమే అనుకున్నాడు జగన్నాధం. ఆడదాని చేతిలో అంత వ్యవహారం పెట్టినందుకు చచ్చిన అప్పలసూరిని కూడా మనసులో నాలుగు తిట్టాడు.

జట్కా అసిరయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పాలేలనుంచి ఎండుచేపల తట్టల్నీ, వాటితోపాటు ఆడవాళ్ళనీ సంతకి తెచ్చి, తిరుగుప్రయాణంలో బియ్యం బస్తాలు పట్టుకెళ్ళడం ఇతని పని.

"ఏటిరా?" అన్నాడు జగన్నాధం.

"గుర్రాన్ని అమ్మేస్తన్నాను బాబూ. తమరికి తెలిసినోలు ఎవులైనా ఉంటే సెప్పండి. కరగ్‌పూరు ఎలిపోతాను."

"గుర్రాన్నమ్మి అక్కడేటి సేస్తావు?"

"మా బావ ఉన్నాడు. కూలో నాలో సూపిత్తాడంట. ఇక్కడేటున్నాది బాబూ? పాలెం నుంచి ఎండుసేప రాదు. ఎండుసేప లేదని కొండోలు సంతకి దిగడం మానేసినారు. ఆలు రాపోతే సింతపండు లేదు, పసుపు లేదు. జట్కా ఎక్కీవోడు ఎవుడు?"

"కొంటామని ఎవరైనా వచ్చారా?"

అసిరయ్య నవ్వలేక నవ్వాడు. "జట్కాలోలందరం అమ్మీవోలమే బాబూ."

మధ్యాహ్నం కాకముందే వర్తకులందరూ బజారు చివర సత్రంలో కూడారు. నారాయణమ్మని పిలిపించారు. అరసవల్లిలో ఆవిడకి పుట్టింటివాళ్ళిచ్చిన ఇల్లొకటి ఉండేది. అది అమ్మేసిందనీ, ఒంటిమీది బంగారం కూడా అమ్మేసిందనీ ఊళ్ళో పొక్కింది. ఆ సొమ్ము తలా కాస్తా పంచుతుందన్న ఆశతోనే అంతమందీ వచ్చారు. పంచకపోతే ఏం చెయ్యాలో కూడా అనుకునే వచ్చారు.

ఆవిడ ఒక్కతే వచ్చింది. వెంట తమ్ముణ్ణిగానీ, గుమస్తానిగానీ తెచ్చుకోలేదు. ముతక చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, అంతమంది మగవాళ్ళ మధ్య పరిచిన చాప మీద కూర్చుంది. మెళ్ళో నల్లటి తాడు తప్ప మరేం లేదు. మనిషి చిక్కిపోయింది. చూపు మాత్రం ఎప్పట్లాగే సూటిగా ఉంది. ఆ చూపు తన మీదికి వచ్చినప్పుడు జగన్నాధం కండువా సర్దుకున్నాడు.

నరసింగరావు మొదలుపెట్టాడు.

"అరసవల్లి ఇల్లు అమ్మినావట, నిజమేనా?"

"నిజమే బాబూ."

"బంగారం?"

"అదీ అమ్మినాను."

"మరి సొమ్మేదీ?"

"విశాపట్నంలో ఖర్చయిపోయినాది."

సత్రంలో ఒక్కసారి మాటలు లేచాయి. ఆవిడ చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ గోల దానంతటదే తగ్గేదాకా కూర్చుని, అప్పుడు చెప్పింది.

"నైలాను దారం కొన్నాను. మన నూలువలలు ఏడాదికి చివికిపోతాయి. ఇది ఉప్పునీటికి లొంగదు. ఇంటికింత అని పాలేలకి పంపినాను. ఆడా మగా కూర్చుని వలలు అల్లుకున్నారు. ఇవాళ తెల్లారగట్లే గుల్లలపాలెం తెప్పలు ఆ వలలతో మొదటిసారి వేటకెళ్ళినాయి."

"మాకు బాకీ ఉంచి, నీకు బాకీ ఉన్నోళ్ళకి దానం సేసినావేటి!" అని నరసింగరావు లేచి నిలబడ్డాడు.

"దానం కాదు. అదీ అప్పే."

"కట్టనోళ్ళకి మళ్ళీ అప్పా?"

"వల లేనోడు ఎలగ కడతాడు నరసింగరావు బాబూ? నువ్వు కోర్టుకెక్కు, పోలీసుల్ని తీసుకెళ్ళు, తలకిందులుగా వేలాడదియ్యి. ఏదీ, ఎక్కణ్ణించి తెస్తాడు?"

కోర్టు అన్న మాటకి జగన్నాధం తల ఎత్తి ఆవిణ్ణి చూశాడు. తెలిసిపోయిందా అనుకున్నాడు. లేదు, ఆవిడ నరసింగరావునే చూస్తోంది. తనేమీ మాట్లాడకపోతే బాగుండదని గొంతు సవరించుకున్నాడు.

"నారాయణమ్మా, నువ్వు అమ్మింది నీ ఇల్లే కావచ్చు. కానీ ఆ సొమ్ము మాది. ఇవాళ దించిన వలలు రేపు ఇంకో తుపానుకి పోతే?"

"పోతే పోతాయి బావగారూ. పోవని నేను ఒట్టెయ్యలేను. సముద్రం నా మాట వినదు." ఆవిడ ఈసారి ఆయనవైపు తిరిగింది. "మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ సొమ్ము తెచ్చి ఈ చాప మీద పోసుంటే, మీకు తలా ఎంతొచ్చును? రావలసినదాంట్లో పావలావంతు. అది తీసుకెళ్ళి, మీకు సరుకు అరువిచ్చిన విజయనగరం సావుకార్లకి కట్టేస్తారు. కట్టక తప్పదు. ఆ తరవాత మీ కొట్లోకి కొనడానికి ఎవరొస్తారు?"

ఆవిడ గుమ్మంలోంచి ఖాళీ బజారు వైపు చూసి మళ్ళీ అడిగింది.

"ఇవాళ సంతరోజు. పొద్దున్నించీ మీ కొట్లో ఎన్ని బస్తాలు కదిలినాయి బావగారూ?"

జగన్నాధానికి రోషం వచ్చింది. పదిమందిలో ఆ ప్రశ్న అడగవచ్చునా! కానీ రాశి మీద పిచ్చికలే కళ్ళముందు మెదిలాయి.

"నేను మిమ్మల్ని ఎత్తిపొడవడం లేదు," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "అట్ట చెల్లదని మీరు అన్ననాడు నేనూ అనుకున్నాను, దెబ్బ పాలెంవాళ్ళకే, బజారు నిలబడుతుందని. ఆళ్ళు ముతకజనం, అంబలి తాగి బతుకుతారు, మనకేటి అనుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండా దర్జీ ఎటో వెళ్ళిపోయినాడు. కిరసనాయిలు పీపా రావడం మానేసినాది. జట్కాలు నిలిచిపోయినాయి. మనం అమ్మింది ఆళ్ళకీ, ఆళ్ళ చేప తిన్నోళ్ళకీ, ఆ చేపకి బదులు చింతపండు తెచ్చినోళ్ళకీ. అట్ట అంటే నా కొట్టు అనుకున్నాం గానీ, అందరి కొట్లూ దాని మీదే ఉన్నాయి."

"అయితే ఇంకా ఉన్న ఈ ఊరి ఇల్లు మాకు రాసియ్యి," అన్నాడు నరసింగరావు. "అది అమ్ముకుంటాం."

"ఇప్పుడే రాస్తాను. మీ అందరి పేరా రాస్తాను. కానీ ఎవరికి అమ్ముతావు? నీ వెనకవీధి కొట్టు బేరం పెట్టి ఎన్నాళ్ళయింది? చూడ్డానికైనా వచ్చినవాడున్నాడా?"

వెనక కూర్చున్న వాళ్ళలో ఎవరో పక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించారు. నరసింగరావు కూర్చున్నాడు.

"ఇల్లు రాసిస్తాను," అంది మళ్ళీ. "నేను పాలెంలో పాక వేసుకుంటాను, నాకేం నామోషీ లేదు. దానికి బదులు ఒక్కటి చెయ్యండి. అట్ట మళ్ళీ చెల్లనివ్వండి. బట్టలకొద్దు, పెళ్ళిసామానుకొద్దు. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, అంతే. కడుపులో కూడు లేనిదే తెప్ప ఎక్కలేరు. పడిన చేప ముందు మీ బాకీకే వస్తాది. నాకు రావలసింది ఆఖర్న తీసుకుంటాను. రాకపోయినా అడగను."

జగన్నాధం ఆవిడ చేతుల వైపు చూశాడు. బంగారు గాజులు అమ్మేసిన చోట మణికట్టు పాలిపోయి ఉంది. తుపాను వెలిసిన మర్నాడు దారులన్నీ తెగిపోయి ఉంటే, ఈ మనిషే కావిళ్ళవాళ్ళని వెంటబెట్టుకుని, మోకాలిలోతు నీళ్ళలో నడిచి పాలేలకి బియ్యం చేర్పించింది. ఆ బియ్యం తన కొట్లోవే. వడ్డీ పెంచి ఇచ్చాడు తను. పిచ్చిది, మునిగిపోతుంది అనుకున్నాడు. ఇవాళ నిజంగానే మునిగి ఉంది. ఉండి కూడా, ఒడ్డునున్న వాళ్ళకి దారి చెబుతోంది. వర్తకం తన రక్తంలో ఉందని ఇన్నాళ్ళూ ఎగిరిపడ్డాడు. వర్తకమంటే కొనేవాణ్ణి బతికించుకోవడమని ఏ పూటా తోచలేదు.

ఆయన నోరు తెరిచాడు. మాట ఆయనకే కొత్తగా వినిపించింది.

"నా కొట్లో అట్ట చెల్లుతాది."

అందరూ ఆయనవైపు తిరిగారు. అందరికన్నా పెద్ద బాకీ ఆయనదే. ఆయన ఒప్పుకున్నాక కాదనడానికి మిగతావాళ్ళకి నోరాడలేదు. కిరసనాయిలు కొట్టు లక్ష్ముడు "నాదీ అంతే" అన్నాడు. ఉప్పుకొట్టు వాళ్ళు తలలూపారు. నరసింగరావు మాత్రం కండువా దులుపుకుని, "బట్టలకొద్దన్నారు గదా, నాతో పనేటి?" అని గొణిగాడు. కానీ లేచి వెళ్ళిపోలేదు.

నారాయణమ్మ కళ్ళు ఒక్క క్షణం తడిసినట్టు కనిపించాయి. చేతులు జోడించింది, జగన్నాధం ఒక్కడికే కాదు, అందరికీ కలిపి.

జగన్నాధం ఆ నమస్కారం అందుకోలేకపోయాడు. దావా సంగతి ఇప్పుడే చెప్పేద్దామా అనుకున్నాడు. ఎందుకు, రేపు పొద్దున్నే మొదటి బస్సుకి శ్రీకాకుళం వెళ్ళి వెనక్కి తీసుకుంటే ఎవరికీ తెలియకుండా పోతుంది కదా అనీ అనుకున్నాడు. రెండో ఆలోచనే సుఖంగా తోచింది.

అంతలో సత్రం గుమ్మంలో అసిరయ్య కనిపించాడు. పరుగెత్తుకొచ్చాడు కాబోలు, తలపాగా ఊడి మెళ్ళో పడింది.

"అమ్మగారూ! కోర్టు అమీనా దిగినాడు. గుల్లలపాలెం పోవాల, జట్కా కట్టమన్నాడు. కిరాయి రెండింతలు ఇత్తానన్నాడు. తెప్పలు జప్తు సేత్తాడంట. నాను కట్టనన్నాను. ఇంకోడెవుడో కట్టినాడు. ఎలిపోయి సానాసేపయినాది."

"ఎవరు వేసిన దావా?" అన్నాడు లక్ష్ముడు.

అసిరయ్య జగన్నాధం వైపు చూసి, తల దించుకున్నాడు. వారాలతరబడి కిరాయి లేని మనిషి, గుర్రానికి గడ్డి లేని మనిషి, రెండింతల కిరాయి వదులుకుని వచ్చాడు. తనేమో ఏ లోటూ లేకుండా ఉండి సంతకం పెట్టి వచ్చాడు.

"నేనే వేసినాను," అన్నాడు జగన్నాధం.

నరసింగరావుకి నవ్వొచ్చింది. "అదీ! పైకి అట్ట సెల్లుతాదని సెప్పి..."

"ఊరుకో బాబూ," అంది నారాయణమ్మ. లేచి నిలబడింది. ఆవిడ మొహంలో కోపం కోసం జగన్నాధం వెతికాడు. ఉంటే కాస్త తేలికపడేవాడు. లేదు.

"బావగారూ, దావా మీది. ఆపగలిగితే మీరే ఆపాలి. అసిరయ్య జట్కా ఖాళీగానే ఉన్నాది కదా. రండి."

ఇద్దరూ జట్కా ఎక్కారు. అసిరయ్య గుర్రాన్ని బతిమాలుతూ, అదిలిస్తూ తోలాడు. బక్కచిక్కిన గుర్రం పాపం శక్తికి మించి పరుగెత్తింది. సరుగుడు తోటలు వచ్చేసరికి ఎండ వాలింది. అక్కడ జగన్నాధం ఉండబట్టలేక అడిగాడు.

"నన్ను ఒక్క మాట అనవేటి నారాయణమ్మా?"

"అనడానికేముంది? మీకు రావలసినంత బాకీ నాకు రావలసుంటే, నేనూ అదే చేసుందునేమో." కొంగు సర్దుకుని అంది, "సత్రంలో నోరు విప్పినప్పుడు మీకు ఈ దావా గుర్తుంది కదా. ఉండి కూడా చెల్లుతాదన్నారు. అది చాలు నాకు."

జగన్నాధం మొహం తిప్పుకుని తోటల వైపు చూస్తూ కూర్చున్నాడు.

పాలెం దగ్గరపడుతుంటే ముందు వాసన తెలిసింది. పచ్చిచేప వాసన. ఈ ఏడాదిలో ఆ దారిన ఎవరికీ తగలని వాసన. నారాయణమ్మ జట్కా ఆగకుండానే దిగబోయింది.

ఇసుక మీద తెప్పలు వరసగా లాగి ఉన్నాయి. వాటి పక్కన కొత్త నైలాను వలలు, వలల్లో చేపలు ఇంకా మిలమిల కొట్టుకుంటున్నాయి. కానీ చెయ్యి వేసేవాళ్ళు లేరు. ఆడవాళ్ళు ఖాళీ తట్టలతో దూరంగా నిలబడ్డారు. ఖాకీ బట్టలవాళ్ళు ఇద్దరు తెప్ప తెప్పకీ తాడు చుట్టి లక్క ముద్ర వేస్తుంటే, అమీనా గొడుగు కింద కూర్చుని రాసుకుంటున్నాడు.

జగన్నాధం ఇసుకలో కూరుకుపోతూ పరుగెత్తాడు.

"ఆపండి! నేనే వాదిని. జగన్నాధాన్ని. నాకీ జప్తు అక్కర్లేదు."

అమీనా తల ఎత్తాడు. చెడ్డవాడిలా లేడు, అలిసిపోయినట్టున్నాడు.

"మీకు అక్కర్లేదంటే చాలదండి. కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇది. మీరు వెళ్ళి అర్జీ పెట్టుకోండి. జడ్జీగారు తీసెయ్యమంటే వచ్చి తీసేస్తాను. అందాకా ముద్రపడిన తెప్ప నీళ్ళలో దిగకూడదు. అందులో వచ్చిన సరుకు కదపకూడదు."

"చేప కుళ్ళిపోతాది!"

"నిజమేనండి. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడతను. "ఉత్తర్వులో పాలెం తెప్పలన్నీ అని ఉంది. ఒడ్డుకి చేరినదాన్ని చూసీ వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఇంకా రెండు రావాలట. అవి కూడా అయితే నా పని అయిపోతుంది."

అప్పుడు చూశాడు జగన్నాధం సముద్రం వైపు. కెరటాలు విరిగే చోటికి అవతల రెండు తెప్పలు నిలిచి ఉన్నాయి. తెరచాపలు దించేశారు. ఒడ్డున ఖాకీలని చూసి ఆగిపోయారు. నీటి అంచున ఒక ఆడమనిషి చేతిలో తెల్లగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె దాలమ్మ. పాలెంలో పెద్దదిక్కు లాంటిది. ఆమె మొగుడు గంగులు ఒక తెప్ప మీద, కొడుకు రెండోదాని మీద ఉన్నారు.

నారాయణమ్మ ఆమె దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇద్దరూ ఉన్నారా?"

"ఉన్నారు తల్లీ. పొద్దున్న పట్టుకెళ్ళిన నీల్లు ఈపాటికి అయిపోనుంటాయి." దాలమ్మ కళ్ళు సముద్రం మీంచి కదల్లేదు. "అటు సూడు, తూరుపున గాలి మల్లింది. పొద్దోయేసరికి కెరటం లేస్తాది. అప్పుడు రమ్మన్నా రాలేరు. ఇప్పుడొస్తే ముద్రేసేత్తారు. మిగిలినాయి ఆ రెండు తెప్పలే. అవీ పోతే మా పాలెమంతటికీ నీల్ల మీదికి పోడానికి కట్టె ముక్క ఉండదు."

అప్పుడు వెనక్కి తిరిగి జగన్నాధాన్ని చూసింది. ఆయనెవరో ఆమెకి ఎవరో చెప్పే ఉంటారు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నాలుగడుగులు వేసి వచ్చి, తడిసిన ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టింది.

"పైకి ఊపితే వస్తారు సావుకారూ. అడ్డంగా ఊపితే అక్కడే ఉంటారు. నువ్వే ఊపు."